గామా కిరణాలను పట్టే పరికరాలకూ నిధులివ్వాలి

సంపాదకుడు గారికి,

గామా కిరణ విస్ఫోటాల (ఎక్స్ కిరణాలకన్నా శక్తివంతమైన కాంతి ఆకాశంలో ఒక్కసారిగా ఎగజిమ్మడం) మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కృష్ణబిలాల గురించి చాలా చెప్పారు గానీ, ఆ కిరణాలను పట్టిన డిటెక్టర్ ఊసే లేదు. ఈసారి చిత్రకారుల ఊహాచిత్రానికి బదులు డిటెక్టర్ ఫొటో వేయండి. నిధులిచ్చే సంస్థలకూ ఇదే చిన్నచూపు ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

గామా కిరణాలు వాతావరణం దాటి నేలకు చేరవు. మన ప్రాణాలకు అది మంచిదే, ఖగోళ శాస్త్రజ్ఞులకే కష్టం. డిటెక్టర్‌ను బెలూన్‌లోనో ఉపగ్రహంలోనో పైకి పంపాలి. అక్కడ కాస్మిక్ కిరణాల (అంతరిక్షంలో వేగంగా దూసుకొచ్చే కణాల) తాకిడికి ఉపగ్రహమే గామా కిరణాలు వెదజల్లుతుంది. ఆ రొదలోంచి అసలు సంకేతాన్ని ఏరుకోవాలి. కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి దగ్గర పని మరీ కష్టం. కిరణం పై పొరలో ఎలక్ట్రాన్‌ను ఢీకొని పక్కకు మళ్లి, కింది పొరలో ఆగుతుంది. రెండు చోట్లా వదిలిన శక్తిని కొలిస్తే అది ఆకాశంలో ఏ వలయం మీదినుంచి వచ్చిందో తెలుస్తుంది, అంతే. అలాంటి వలయాలు ఎన్నో ఒకదాన్నొకటి ఖండించుకునే చోటు వెతికితేగాని మూలం దొరకదు.

1991లో నాసా పంపిన కాంప్టన్ అబ్జర్వేటరీలోని కాంప్టెల్ పరికరం చేసింది ఇదే. పాలపుంతలో అల్యూమినియం-26 (అల్యూమినియంలో రేడియోధార్మిక రూపం) ఎక్కడెక్కడ ఉందో అది పటం గీసింది. ఆ రూపం అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 7 లక్షల ఏళ్లే; నక్షత్రాల వయసు ముందు అది కొద్దికాలమే. అది ఇంకా కనిపిస్తోందంటే నక్షత్రాలు ఈనాటికీ కొత్త మూలకాలను తయారుచేస్తూనే ఉన్నాయన్నమాట. దిశను అదుపులో ఉంచే గైరోస్కోపు ఒకటి చెడిపోవడంతో 2000 జూన్ 4న ఆ అబ్జర్వేటరీని సముద్రంలో కూల్చేశారు.

ఆ తర్వాత 2002లో వెళ్లిన ఇంటెగ్రల్ అనే యూరప్ ఉపగ్రహం ఈ శక్తుల్లో కొంత చూసింది. కానీ ఆకాశమంతా గాలించే కాంప్టెల్ వారసుడు పావు శతాబ్దంగా లేడు. కాంప్టెల్ తొలి జాబితాలో నిలకడగా కిరణాలు వెదజల్లే మూలాలు 32. అంతకన్నా ఎక్కువ శక్తి కిరణాలను చూసే ఫెర్మీ అనే నాసా ఉపగ్రహం జాబితాలో 5,000 పైచిలుకు. జెర్మేనియం స్ఫటికాల డిటెక్టర్లున్న కోసి అనే ఉపగ్రహాన్ని 2027లో పంపాలని నాసా ప్రణాళిక. 2016లో అదే పేరుతో బెలూన్ మీద ఎగిరిన పరికరం దానికి పునాది. మధ్యలో ఆ బెలూన్ పనిని ఎవరూ పట్టించుకోకపోతే ఈ ఉపగ్రహం ఎక్కడిది?

దీనివల్ల ఏం లాభమని అడిగేవారు జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రాన్ని చూడాలి. 2011 ప్రమాదం తర్వాత రేడియోధార్మిక సీజియం ఎక్కడ పేరుకుందో చూపించడానికి జపాన్ శాస్త్రజ్ఞులు వాడిన కాంప్టన్ కెమెరాల్లో (పైన చెప్పిన రెండు పొరల పద్ధతిలో పనిచేసేవి) ఒకటి, ఖగోళ ఉపగ్రహం కోసం తయారైన డిటెక్టర్ నుంచే వచ్చింది.

డిటెక్టర్‌కు కావలసిన స్ఫటికం పెంచడం, ఎలక్ట్రానిక్స్ రొద తగ్గించడం, క్రమాంకనం చేయడం (తెలిసిన మూలంతో పోల్చి కొలతలు సరిచూడడం) పక్కన నిలబడి నేర్చుకోవలసిన పనులు. పదేళ్లు ప్రాజెక్టు లేకపోతే నేర్పేవాళ్లే చెదిరిపోతారు. అందుకే ఉపగ్రహం మంజూరైనా కాకపోయినా డిటెక్టర్ పరిశోధనకు ఏటా విడిగా నిధులు కేటాయించాలి. పదోన్నతుల్లో పరికరం కట్టిన ఏళ్లను కూడా పరిశోధనా పత్రాలతో సమానంగా లెక్కించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు