వేలు చూపించని పిల్లల గురించి ఇంటివాళ్లే రాయాలి

సంపాదకుల వారికి,

ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినమని మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. డాక్టరు గారు బాగానే రాశారు. కానీ ‘సామాజిక భావప్రసార లోపం’ (నలుగురితో మాటా చూపూ కలపలేకపోవడమట) అన్న మాట అందులో నాలుగుసార్లు ఉంది. అది చదివి ‘అయ్యో, మా పిల్లాడూ ఇంతేగా’ అనుకునే తల్లి మా ఊళ్లో ఒక్కరూ ఉండరు. నాకే తట్టలేదు. నేను 31 ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేసిన మనిషిని.

ఎన్ని వందల మంది పిల్లల్ని తూకం ఉయ్యాలలో కూర్చోబెట్టానో లెక్కలేదు. జబ్బకు టేపు చుట్టి ఎరుపా, పసుపా, ఆకుపచ్చా చూసి రిజిస్టర్‌లో రాసేదాన్ని. బరువు తగ్గిన పిల్లాణ్ని గడప దగ్గరే పోల్చేసేదాన్ని. అలాంటిది మా ఇంట్లో, నా కూతురి కొడుకు దేనికీ వేలు చూపించడం లేదని వాడికి మూడేళ్ల ఎనిమిది నెలలు వచ్చేదాకా గమనించలేదు.

వాడు బొద్దుగా ఉండేవాడు, బరువెప్పుడూ ఆకుపచ్చ గీతలోనే. పెరుగు కావాలంటే నోరు తెరిచి అడగడు. నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, నా చేతిని దాని తలుపు మీద పెట్టేవాడు. ‘ఎంత మర్యాదో చూడండి, అమ్మమ్మ తీసిస్తేనే తింటాడు’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేదాన్ని. స్టీలు మూతను నేల మీద గిర్రున తిప్పి, అది ఆగేదాకా చెంప నేలకు ఆనించి వినేవాడు. ఇంజినీరు అవుతాడన్నాం. రాత్రిళ్లు డాబా మీద అన్నం తినిపిస్తూ ‘అదిగో చందమామ’ అని చూపిస్తే వాడు నా గాజులకేసి చూసేవాడు. చెయ్యి ఊపితే గాజులు మోగుతాయని ఇంకా ఊపేదాన్ని.

మాటలు రావడం లేదంటే, లాక్‌డౌన్‌లో పెరిగిన పిల్లాడు కదా అన్నారు. మగపిల్లలకు ఆలస్యమే అన్నారు. వసకొమ్ము అరగదీసి నాకించాం. నాలుక కింద నరం కోయించమన్నవాళ్లూ ఉన్నారు. దేవుడి దయ, ఆ పని మాత్రం చేయలేదు.

చివరికి నా కళ్లు తెరిపించింది ఎవరో ఒక తల్లి వాట్సాప్‌లో రాసుకున్న పది వాక్యాలు. ఆమెది ఏ ఊరో తెలియదు. ఎన్ని ఫోన్లు తిరిగిందో ఏమో, మా అమ్మాయి ఫోన్‌కు వచ్చింది. ‘మా పాప ఏదీ వేలు పెట్టి చూపించదు, నా చేతినే గరిటెలాగా వాడుకుంటుంది’ అని ఉంది అందులో. మా అమ్మాయి ఆ ముక్క పైకి చదివింది. నేను చిక్కుళ్లు తుంచుతున్నాను. తుంచడం ఆపి ఫ్రిజ్ వంక చూశాను.

తర్వాతి నెల గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల లోపాలున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు వెళ్లాం. అక్కడ ఆటిజం ఎంత ఉందో చూసే 40 అంశాల పట్టిక ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ అడిగి లెక్క కట్టారు. సగం ప్రశ్నలకు జవాబులు నా దగ్గరే ఉన్నాయి. ఇన్నాళ్లూ నన్నెవరూ అలా అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఆర్‌బీఎస్‌కే అని పిల్లలకు ప్రభుత్వం చేయించే ఆరోగ్య పరీక్షల జాబితాలో ఆటిజం ఉందని 2013 తర్వాత ఆ కాగితం చాలాసార్లు చేత్తో పట్టుకున్నాను. నాకది ఒక ఇంగ్లీషు పేరు, అంతే. చందమామను చూపిస్తే వేలికేసి, గాజులకేసి చూసే పిల్లాడు అని ఎవరైనా అమ్మమ్మ ఒక ముక్క రాసి ఉంటే నాకు ఏడాదిన్నర కలిసొచ్చేది.

అందుకే తల్లిదండ్రులు రాయాలంటున్నాను. ఇది కొత్తేమీ కాదని మా అమ్మాయి అంటుంది. ఒకప్పుడు తల్లి ప్రేమగా చూడకపోతే పిల్లలకు ఆటిజం వస్తుందని అమెరికాలో పెద్ద చదువులవాళ్లే చెప్పారట. అది తప్పని 1964లో పుస్తకం రాసిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి. ‘ఆటిజం స్పెక్ట్రమ్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన ఇంగ్లండ్ డాక్టరు లోర్నా వింగ్ కూడా అలాంటి పాపకు తల్లే. మన దగ్గర ఆ పాత నింద ఇంకా పెళ్లిపందిళ్లలో తిరుగుతూనే ఉంది. కిందటేడు ఓ పెళ్లిలో బ్యాండు మోతకు వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరితే, ఓ పెద్దావిడ మా అమ్మాయితో ‘ఫోన్ చేతికిచ్చి వదిలేస్తే ఇట్లాగే ఉంటది’ అంది. పెద్దావిడంటే ఎవరో కాదు, మా ఆడపడుచే.

ఆఫీసుల సంగతీ రాయండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాల సంఖ్య 7 నుంచి 21కి పెరిగింది, అందులో ఆటిజం విడిగా ఉంది. అయినా సర్టిఫికెట్ కోసం వెళ్తే ఒక చోట గుమస్తా ‘చెవులు వినిపిస్తాయి, కాళ్లు బాగున్నాయి, ఇంకేం లోపమమ్మా’ అన్నాడు. ఇలాంటి పిల్లల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం నిరామయ కింద ఏడాదికి లక్ష దాకా ఆరోగ్య బీమా ఉందని నాకు చెప్పింది థెరపీ గది బయట బెంచీ మీద కూర్చున్న ఒక తండ్రి. మూడు నెలల్లో మామూలు పిల్లాణ్ని చేస్తామని ఓ సెంటర్ వాళ్లు మా దగ్గర 85 వేలు తీసుకున్నారు. మాకంటే ముందు అక్కడ పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడకుండా ఓ నాలుగు మాటలు రాసి ఉంటే మా డబ్బు మిగిలేది.

పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు మరీ ముఖ్యంగా రాయాలి. అందరూ మూడేళ్ల పిల్లల గురించే రాస్తారు. వాళ్లు పెద్దయ్యాక పగలంతా ఏం చేస్తున్నారో, గడ్డం ఎవరు గీస్తున్నారో, మనం పోయాక ఎవరి దగ్గర ఉంటారో చదవాలని నాకు ఆత్రంగా ఉంది. కొంచెం భయంగానూ ఉంది. తండ్రులు కూడా రాయాలి. మా అల్లుడు నాలుగేళ్లుగా ఈ విషయం తన ఆఫీసులో చెప్పుకోలేదు.

ఒక్క మాట మాత్రం కఠినంగానే చెబుతాను. పిల్లలు తల నేలకేసి కొట్టుకుంటూ ఏడుస్తుంటే వీడియో తీసి లోకానికి చూపించకండి. పదేళ్లకు అది వాళ్ల క్లాసు పిల్లల ఫోన్లలో తిరుగుతుంది. రాతలోనైతే పేరు దాచుకోవచ్చు. నేనూ దాచుకునే రాస్తున్నాను.

ఏటా ఏప్రిల్ 2న పెద్ద పెద్ద భవనాలకు నీలం లైట్లు వేస్తారు, మీరు ఫొటో వేస్తారు. వద్దనను. దాంతోపాటు వారానికి అర కాలమ్ తల్లిదండ్రుల ఉత్తరాలకు ఇవ్వండి. భాష దిద్దకండి.

మొదటి ఉత్తరం మా అమ్మాయి రాసి ఉంచింది. వాడి క్షవరం గురించి. మిషన్ చప్పుడు వాడు ఓర్చుకోలేడు. మంగలి అతను ఇంటికే వచ్చి, కత్తెరతో ఆదివారం సగం తల, బుధవారం మిగతా సగం కత్తిరించాడు. మధ్యలో ఆ సగం తలతోనే వాడు మూడు రోజులూ స్కూలుకెళ్లొచ్చాడు. రెండు పేజీలు వచ్చింది. జాగా ఉందంటే పంపుతుంది.

ఇట్లు,
విశ్రాంత అంగన్‌వాడీ టీచర్,
వైరా, ఖమ్మం జిల్లా