వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి: చీటీ రాసిచ్చి వెళ్లిపోతే పిల్లలకి రక్తం పడుతుందా?

అయ్యా, నమస్కారం.

విజయనగరం జిల్లాలో చంపావతి ఒడ్డున ఉన్న ఊరు మాది. బడి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. బడి పిల్లల్లో రక్తహీనత గురించి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు పెట్టాం, రసీదులు ఉన్నాయి, జవాబే లేదు. అందుకే ఇలా నలుగురిలో అడగాల్సి వస్తోంది.

బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర గురించి మీకు తెలియనిది కాదు. అది రక్తం తగ్గకుండా ఇచ్చేది. ఇప్పటికే తగ్గిపోయిన పిల్లల మాటేమిటండీ? ఆమధ్య ఆరోగ్య శాఖ టీమ్ వచ్చి వేలు గుచ్చి చూశారు, ఎనిమిదో తరగతి పిల్లకి హిమోగ్లోబిన్ 8.4 అని చీటీ మీద రాసి ఆసుపత్రిలో చూపించమని చెప్పి వెళ్లిపోయారు. ఆ వయసుకి 12 ఉండాలి. పిల్ల అమ్మానాన్నలు హైదరాబాద్‌కి పనికి వలసపోయారు, ఇంట్లో ఉన్నది నాయనమ్మ ఒక్కర్తే, ఆవిడకి చదువు రాదు, చీటీని భద్రంగా దేవుడి పటం వెనక పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది. పిల్లేమో ప్రార్థనలో నిలబడలేక కూలబడిపోతోంది, సంచిలో పచ్చి బియ్యం పెట్టుకుని క్లాసులో నములుతోంది. బద్ధకం అని తిట్లు కూడా తింటోంది పాపం.

ఇలాంటి పిల్లలకి రోజూ మాత్ర వేయాలి, నెలల తరబడి వేయాలి, మధ్యలో మళ్లీ రక్తం చూడాలి. ఇదంతా మీ శాఖ నిబంధనల్లోనే ఉంది. మా ఊళ్లో రెండోసారి వేలు గుచ్చినవాళ్లు లేరు. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం మంది తల్లులు హడలిపోయి మాన్పించేవారు కాదు. కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలని, వెంటనే టీ తాగకూడదని కూడా ఎవరూ చెప్పలేదు. బడిలో ఇచ్చే చిక్కీ, గుడ్డు మంచివే, మా ఇళ్లలో చోడి అంబలీ ఉంది, కానీ 8కి దిగిపోయిన పిల్లకి అవి చాలవు కదా.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తహీనత అని తేలింది. ఆ లెక్క మీ దగ్గరా ఉంది. లెక్క తీశాక ఏం చేశారన్నదే మా ప్రశ్న.

దయచేసి వినండి. చీటీ ఇచ్చిన ప్రతి పిల్ల పేరూ ఏఎన్‌ఎం దగ్గర రాయించండి. మందు ఆశా చేత ఇంటికి పంపించండి, మళ్లీ పరీక్ష చేయించండి, తేదీ చెప్పి మరీ చేయించండి. సంక్రాంతికి ఆ పిల్ల అమ్మానాన్నలు ఊరొస్తారు, అప్పటికైనా రెండో పరీక్ష అయి ఉండేలా చూడండి.

ఇట్లు,
పేరెంట్స్ కమిటీలో ఒక తల్లి