మంత్రి గారూ, బండి దిగిన రేసర్‌కి ఒక ట్రాక్ ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో 28 ఏళ్ళుగా టూవీలర్ మెకానిక్‌గా బతుకుతున్నవాణ్ణి. మీకు ఉత్తరం రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతూ వచ్చాను. ఇవాళ ఒక సైలెన్సర్‌తో మొదలుపెడతాను.

మూడేళ్ళ కింద ఒక కుర్రాడు కొత్త బండి తెచ్చి సైలెన్సర్ మార్చమన్నాడు. నేనే బిగించాను. వాడికి 19 ఏళ్ళు. సరిగ్గా 11 రోజులకి రాత్రి రెండింటప్పుడు స్నేహితులతో పందెం కట్టి, డివైడర్‌కి కొట్టుకుని చనిపోయాడు. కర్మలన్నీ అయ్యాక వాళ్ళ నాన్న షాపుకొచ్చారు. తిడతారేమో, కొడతారేమో అనుకున్నాను. ఆయన జేబులోంచి డబ్బులు తీసి, "మావాడు మీకేమైనా బాకీ ఉన్నాడా అన్నా?" అని అడిగారు. అప్పట్నుంచి ఆ పని మానేశాను. నేను మానేస్తే పక్క షాపువాడు చేస్తాడు, నాకు తెలుసు. టీ-హబ్ చుట్టుపక్కల రోడ్ల మీద పోలీసులు పట్టుకుంటున్నారు, బండ్లు సీజ్ చేస్తున్నారు, తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్ ఇస్తున్నారు. అదంతా అవసరమే. కానీ వాళ్ళ కౌన్సెలింగ్ అయిపోయాక ఆ కుర్రాడు ఇంకెక్కడికి వెళ్ళాలి? స్పీడు మీద వాడికున్న పిచ్చి ఎక్కడ తీరాలి? దానికి మన దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఒకచోట దొరికింది. చాలా దూరంలో, స్పెయిన్‌లో.

వలెన్సియా ప్రాంతంలో అల్సీరా అనే ఊరుంది. అక్కడ 1962లో పుట్టినాయన హోర్హె మార్టినెజ్. అందరూ 'అస్పార్' అంటారు. వాళ్ళ తాతది నార చెప్పులు చేసే వృత్తి, ఆ వృత్తి పేరే ఇంటిపేరులా అతుక్కుని చివరికి అస్పార్ అయింది. మన ఊళ్ళలో కమ్మరోళ్ళ శీను, సాకలోళ్ళ రాజు అన్నట్టే. ఆయన చిన్న బైకుల మీద పెద్ద రేసర్. 80 సీసీలో 1986, 1987, 1988 వరసగా మూడేళ్ళు ప్రపంచ చాంపియన్. 1988లోనే 125 సీసీ టైటిల్ కూడా గెలిచాడు. ఒకే ఏడాది రెండు ప్రపంచ టైటిళ్ళు! మొత్తం 37 గ్రాండ్ ప్రి విజయాలు, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గెలిచిన రేసులు. 1997లో బండి దిగాడు.

నాకు ఆయన గెలిచిన రేసుల కన్నా దిగాక చేసిన పని ముఖ్యం. నిజానికి దిగకముందే మొదలుపెట్టాడు. ఇంకా రేసులు నడుపుతూనే 1992లో సొంత టీమ్ పెట్టాడు. ఆ టీమ్ నుంచి 2006లో అల్వారో బౌతిస్తా, 2007లో గాబోర్ తల్మాచి, 2009లో హూలియన్ సిమోన్, 2011లో నికో తెరోల్ 125 సీసీ ప్రపంచ చాంపియన్లయ్యారు. తర్వాత ఆ విభాగం స్థానంలో మోటో3 అనే కొత్త విభాగం వచ్చింది. అందులోనూ 2020లో అల్బెర్ట్ అరీనాస్, 2022లో ఇజాన్ గెవారా, 2024లో డేవిడ్ అలొన్సో గెలిచారు. అలొన్సో ఆయన జూనియర్ టీమ్‌లో పెరిగిన పిల్లాడు. పుట్టింది మాడ్రిడ్‌లో, తల్లిది కొలంబియా, నడిపింది కొలంబియా జెండా మీద. ఒక్క సీజన్‌లో 14 రేసులు గెలిచి ఆ దేశానికి మొదటి ప్రపంచ టైటిల్ తెచ్చాడు.

మధ్యలో అస్పార్ టీమ్ పెద్ద బైకుల విభాగం మోటోజీపీలో కూడా కొన్నేళ్ళు ఉంది. 2018 తర్వాత అందులోంచి బయటికొచ్చి, మళ్ళీ చిన్న బైకుల మీద, పిల్లల మీద దృష్టి పెట్టింది. చాలామంది దాన్ని వెనకడుగు అనుకుంటారు. నేననుకోను. తనకి బాగా తెలిసిన పని ఏదో ఆ మనిషికి తెలుసు. మూడు మోటో3 టైటిళ్ళూ ఆ తర్వాత వచ్చినవే.

ఇందులో మనకి సంబంధించిన ముక్క ఒకటుంది, మన పేపర్లలో పెద్దగా రాలేదు. 2015 నుంచి 2017 దాకా అస్పార్ టీమ్ మోటో3లో నడిపింది మహీంద్రా బైకుల్ని. 2016 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో ఫ్రాంచెస్కో బన్యాయా ఆ బైకు మీద గెలిచాడు. మహీంద్రాకి అదే మొదటి గ్రాండ్ ప్రి విజయం. అదే ఏడాది అదే టీమ్‌లో హోర్హె మార్టిన్ కూడా ఉన్నాడు. ఆ బన్యాయా 2022, 2023లో మోటోజీపీ ప్రపంచ చాంపియన్. ఆ మార్టిన్ 2024లో ప్రపంచ చాంపియన్. ఇద్దరూ కుర్రతనంలో మన దేశం పేరున్న బండి మీద, ఒక మాజీ రేసర్ చెయ్యి పట్టుకుని నడక నేర్చుకున్నారు. పేరు మనది, బైకు తయారైంది యూరప్‌లో, నేర్పించింది స్పెయిన్ ఆయన, గెలిచింది ఇటలీ పిల్లాడు. ఈ వరసలో ఎక్కడా మన కుర్రాడు లేడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ టూవీలర్లు కొనే దేశం మనది సార్.

మన కుర్రాళ్ళకి చేతకాక కాదు. చెన్నైకి చెందిన శరత్ కుమార్ 2011లో 125 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసుల్లో నడిపాడు. ఆ విభాగంలో నడిపిన మొదటి భారతీయుడు అతనే. చెన్నైలోనే రజనీ కృష్ణన్ అనే రేసర్ అకాడమీ పెట్టి కుర్రాళ్ళని తయారుచేస్తున్నారు. గమనించారా, అంతా చెన్నై! ఎందుకంటే ట్రాక్ ఉన్నది అక్కడ, శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో. ఇంకొకటి కోయంబత్తూర్‌లో. బండి దిగిన రేసర్లు ఆ ట్రాకుల చుట్టూనే టీములు పెట్టుకున్నారు. ట్రాక్ లేని ఊళ్ళో రేసర్ బండి దిగితే ఏమవుతాడు? షోరూమ్‌లో సేల్స్ మేనేజర్ అవుతాడు. తెలిసిందంతా తనతోనే పోతుంది.

బండి దిగిన రేసర్‌కి ఏం తెలుస్తుందో నా కళ్ళారా చూసింది చెప్తాను.

మా అన్న కొడుకుని రేసు నేర్చుకోడానికి నేనే ఇరుంగాట్టుకోట్టై తీసుకెళ్ళాను. రాత్రంతా డీసీఎంలో బండితో పాటు కూర్చుని వెళ్ళాం. పొద్దున ప్రాక్టీస్‌లో వాడు అందరికన్నా వెనక. నేను మెకానిక్‌ని కదా, తప్పు బండిలోనే వెతికాను. వెనక స్ప్రాకెట్ మార్చాను. చైన్ మళ్ళీ టైట్ చేశాను. గాలి తగ్గించి చూశాను. ఏం లాభం లేదు. పక్క షెడ్డులో ఒక టీమ్ నడిపే పెద్దాయన ఉన్నారు, పాత రేసర్. అరవం కలిసిన తెలుగులో మాట్లాడతారు. మమ్మల్ని చూడమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనంతట ఆయనే వచ్చి వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చున్నారు. చేత్తో టైరుని మెల్లగా తిప్పుతూ ఎడమ అంచు మీద గోరుతో గీశారు. రబ్బరు చివరిదాకా అరిగి గరుగ్గా ఉంది. కుడి అంచుకొచ్చేసరికి వేలెడు వెడల్పు కొత్త టైరులా నున్నగా మెరుస్తోంది.

పెద్దాయన తల తిప్పి పిల్లాణ్ణి చూసి, "తమ్ముడూ, కుడివైపు ఎప్పుడు పడ్డావు?" అన్నారు.

వాడు నా మొహం చూశాడు. తర్వాత నేల చూశాడు. "పోయినేడు బాబాయ్, ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద. ఇంట్లో చెప్పలేదు" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగితే మోచేతి నుంచి భుజం దాకా మచ్చ. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, వాళ్ళమ్మకి తెలియదు, నాకు తెలియదు. ఆయనకి మాత్రం ఆ టైరు చెప్పింది, వాడు కుడి మలుపుల్లో బండి వంచడానికి భయపడుతున్నాడని.

ఆ మధ్యాహ్నం ఆయన వాణ్ణి బండి ఎక్కనివ్వలేదు. ట్రాక్ మీద కుడి మలుపులన్నీ నడిపించారు, కాళ్ళతో! ఎక్కడ చూడాలి, ఎక్కడ బ్రేకు వదలాలి, పడితే చెయ్యి ఎలా ముడుచుకోవాలి. సాయంత్రం ఒక్క సెషన్‌కి పంపించారు. మావాడు రెండు సెకన్లు తగ్గించాడు. ఇంటికొచ్చాక రోడ్డు మీద స్పీడు మానేశాడు. ఎవరూ మానమనలేదు. ట్రాక్ చూసినవాడికి రోడ్డు మీద ఎన్ని ప్రమాదాలున్నాయో కనిపిస్తాయని వాడే చెప్పాడు.

ఇదంతా ప్రమాదం లేని ఆట అని మీకు అబద్ధం చెప్పను. 2023 ఆగస్టులో అదే చెన్నై ట్రాక్ మీద బెంగళూరు నుంచి వచ్చిన 13 ఏళ్ళ పిల్లాడు రేసులో పడి చనిపోయాడు. 2021లో యూరప్ ట్రాకుల మీద ఒక్క ఏడాదిలో 14, 15, 19 ఏళ్ళ ముగ్గురు కుర్రాళ్ళు పోయారు. ఆ తర్వాత అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ప్రపంచ చాంపియన్‌షిప్‌కి కనీస వయసు 2023 నుంచి 18 చేసింది, పిల్లల రేసుల్లో బండ్ల సంఖ్య తగ్గించింది. మన దగ్గరా అలాంటి నియమాలు గట్టిగా ఉండాలి, అవి అమలు చేసే అనుభవస్తులు ఉండాలి. పిల్లాడు ఇవాళ బండి ఎక్కకూడదు అని తల్లిదండ్రులకి ఎదురు చెప్పగలిగేది ఒక్క పాత రేసరే. డబ్బు కట్టిన తండ్రి ఆ మాట ఇంకెవరు చెప్పినా వినడు.

రేసర్‌కి రోడ్డు కాదు, ట్రాక్ కావాలన్న సంగతి వలెన్సియా వాళ్ళకి నష్టపోయాకే తెలిసింది. అస్పార్ కన్నా ముందు అక్కడ రికార్డో తోర్మో అనే రేసర్ ఉండేవాడు. 50 సీసీలో 1978, 1981 ప్రపంచ చాంపియన్. 1984లో మామూలు రోడ్డు మీద బైకు టెస్ట్ చేస్తుంటే కారు అడ్డొచ్చి కాలు నుజ్జయింది. కెరీర్ అక్కడితో ఆగిపోయింది. 1998లో బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు. మరుసటి ఏడాది, 1999లో, వలెన్సియా ప్రాంతీయ ప్రభుత్వం చెస్తే ఊరి దగ్గర కట్టించిన ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. నాలుగు కిలోమీటర్ల ట్రాక్. అక్కడ ఏటా ప్రపంచ రేసు ఒక్కటే జరిపి ఊరుకోలేదు, పిల్లలకి శిక్షణ కూడా మొదలుపెట్టారు. ప్రభుత్వం నేల ఇచ్చింది, మాజీ రేసర్లు మనుషుల్ని తయారుచేశారు. అస్పార్ తర్వాత సొంతూరి పక్కనే గ్వాదస్సువార్‌లో తన పేరుతో ఇంకో చిన్న ట్రాక్ కూడా నడిపిస్తున్నాడు.

ఇది మనకి కొత్త కథ కాదు మంత్రి గారూ. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కి 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు ఇచ్చింది. ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయంతో అకాడమీ కట్టాడు. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం ఆ కోర్టుల మీద చెమటోడ్చినవే. రాకెట్ పక్కన పెట్టిన ఆటగాడికి నేల ఇస్తే ఏమవుతుందో ప్రపంచంలో ఏ ప్రభుత్వానికన్నా మన ప్రభుత్వానికే బాగా తెలుసు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు జరిగింది. నేనూ వెళ్ళి చూశాను, సంతోషపడ్డాను. ఆ ఒక్కరోజు రేసు కోసం సిటీ నడిబొడ్డున 2.8 కిలోమీటర్ల ట్రాక్ తయారైంది. మరుసటి ఏడాది రేసు లేదు. దాని మంచిచెడ్డలు నేను మాట్లాడను, అది నా స్థాయి కాదు. నాకు కావలసింది అందులో సగం పొడవున్న ట్రాక్. కిలోమీటరున్నర చాలు. సిటీకి గంట ప్రయాణంలో, ఊళ్ళకి దూరంగా ఎక్కడైనా ఫర్వాలేదు. మలుపుల బయట వెడల్పుగా కంకర, డాక్టర్ ఉన్న అంబులెన్స్, జెండాలు పట్టే శిక్షణ పొందిన మనుషులు. గ్యాలరీలు వద్దు, వీఐపీ లాంజ్ వద్దు. స్పెయిన్, ఇటలీ పిల్లలు నేర్చుకునేది ఇలాంటి చిన్న ట్రాకుల మీదే, చాలాచోట్ల అవి గో-కార్ట్ ట్రాకులే.

దాన్ని నడిపే బాధ్యత ఈవెంట్ కంపెనీలకి కాకుండా జాతీయ స్థాయిలో నడిపి దిగిన రేసర్లకి ఇవ్వండి. టీములు పెట్టుకోనివ్వండి, పిల్లల్ని ఎంచుకోనివ్వండి. మిగతా ఆటల కోచ్‌లకి ఇచ్చే గుర్తింపు వాళ్ళకీ ఇవ్వండి. ఐటీఐ కుర్రాళ్ళని అక్కడికి మెకానిక్ పని నేర్చుకోడానికి పంపండి, ఒక రేసర్ వెనక ఐదారుగురికి పని ఉంటుంది. శనివారం రాత్రులు మాత్రం రోడ్డు మీద తిరిగే కుర్రాళ్ళకి తెరిచి ఉంచండి. లెదర్ సూట్, హెల్మెట్ అక్కడే అద్దెకి దొరకాలి. పోలీసులు పట్టుకున్న పిల్లాణ్ణి కౌన్సెలింగ్ గది నుంచి నేరుగా ఆ ట్రాక్‌కి, ఒక పెద్దాయన దగ్గరికి పంపగలగాలి.

మావాడి ఆ వెనక టైరు పారెయ్యలేదు. షాపులో గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. ఎడమ అంచు అరిగి ఉంటుంది, కుడి అంచు ఇంకా నున్నగానే ఉంటుంది. సైలెన్సర్ మార్చమని ఏ కుర్రాడొచ్చినా ముందు దాన్ని చూపించి, ఇది ఏం చెప్తోందో చెప్పు చూద్దాం అని అడుగుతాను. ఇప్పటిదాకా ఒక్కడూ చెప్పలేదు. మీరు ఎప్పుడైనా రాణీగంజ్ వైపు వస్తే ఒక్క ఐదు నిమిషాలు ఆగండి సార్, మీకూ చూపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక టూవీలర్ మెకానిక్,
రాణీగంజ్, సికింద్రాబాద్.