మా పిల్లల బడి మారకుండా చూసిన వారందరికీ కృతజ్ఞతలు

నిన్న కౌంటీ (జిల్లా లాంటిది) విద్యా బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. మా అమ్మాయి, అబ్బాయి ఇప్పుడు చదువుతున్న బళ్లలోనే కొనసాగవచ్చు. ఇందుకోసం తోడు నిలిచిన వారికి విడివిడిగా ఫోను చేశాను. అయినా పదిమందిలో చెప్పాలనిపించింది.

మేము కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటాము. తొమ్మిదేళ్లుగా అద్దెకున్న ఇంటిని అమ్ముతున్నామని యజమాని 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చారు. మాకు అందే అద్దెలో ఇల్లు నాలుగు మైళ్ల అవతల దొరికింది. అది వేరే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు ప్రభుత్వ బళ్లను నడిపే సంస్థ; పిల్లలు ఏ డిస్ట్రిక్ట్ అన్నది ఇంటి చిరునామాను బట్టే). తెలిసినవారు కొందరు, మంచి మనసుతోనే, "మా చిరునామా రాసుకోండి" అన్నారు. ఆ రాత్రంతా మనసు అటే లాగింది. మరునాడు పాత వీధిలోని అక్కతో చెబితే, "వద్దమ్మా, రేపు ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పవలసింది పిల్లలు. నిజం చెప్పి అడగడానికి దారి ఉంది, కూర్చో" అన్నారు. కాగితాలు ముందు వేసుకుని రాత్రి పదకొండు దాకా నాతో కూర్చున్నారు.

ఆ దారి పేరు ఇంటర్‌డిస్ట్రిక్ట్ పర్మిట్. ఉంటున్న చోటి డిస్ట్రిక్ట్ పిల్లలను వదలాలి, చదువుతున్న డిస్ట్రిక్ట్ చేర్చుకోవాలి. పాత బడి వారు వెంటనే ఒప్పుకున్నారు. తేలేదాకా తాత్కాలికంగా రానిచ్చారు కూడా. కొత్త డిస్ట్రిక్ట్ వారు మాత్రం పిల్లలను వదిలేది లేదన్నారు. పిల్లల హాజరును బట్టి రాష్ట్రం నిధులు వస్తాయి కనుక వారి ఇబ్బంది వారిది. నేను అక్కడితో అంతా అయిపోయిందనుకున్నాను. కాదన్న నాటి నుంచి 30 రోజుల్లోగా కౌంటీ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చని చెప్పింది మళ్లీ అక్కే. అప్పటికి 19 రోజులు గడిచాయి.

అప్పీలు నేను మూడు పేజీలు రాశాను, బడి ఎంత గొప్పదో చెబుతూ. రిటైరైన మాస్టారు ఒకరు చదివి, దాదాపు అంతా కొట్టివేశారు. "మంచి బళ్లు అక్కడా ఉంటాయమ్మా. మీ అబ్బాయి గురించి రాయండి" అన్నారు. మా వాడికి నత్తి. నాలుగో తరగతి. మూడేళ్లు తరగతిలో నోరు విప్పలేదు. వాడు మాట పూర్తి చేసేదాకా తొందరపెట్టకుండా ఎదురుచూసే టీచరు దొరికాక, ఈ ఏడాదే పైకి చదవడం మొదలుపెట్టాడు. అదే రాశాను, ఒక్క పేజీలో. ఆ టీచరు కూడా తన మాటగా ఒక ఉత్తరం ఇచ్చారు. మాస్టారూ, మీరు కొట్టివేసిన ఆ కాగితాలు దాచుకున్నాను.

పర్మిట్ మీద చదివే పిల్లలకు మా దగ్గర బడి బస్సు లేదు. బడి విడిచాక మేము వచ్చేదాకా మా పిల్లలిద్దరినీ తమ ఇంట్లో కూర్చోబెట్టి, ఉప్మా పెట్టి, హోంవర్క్ చేయించిన పిన్నిగారికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలను?

ఇల్లు మారవలసి వచ్చిన వారికి ఒక మాట. పర్మిట్ మీద చదువుతున్న పిల్లలు పదో తరగతి పూర్తిచేశాక, ఆ జూన్ 30 దాటితే, పదకొండు, పన్నెండు తరగతులకు దానిని రద్దు చేయకూడదని ఇక్కడి చట్టం. మా అమ్మాయికి ఈ ఏడాదితో పది అయిపోతుంది. ఆ దిగులు కూడా తీరింది. అప్పీలు నకలు కావలసిన వారు అడగండి, పేర్లు తీసేసి పంపుతాను.

అక్కా, మీ స్టీలు గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం పిల్లలతో కలిసి వచ్చి ఇస్తాను. ఉత్తరం మీకు తానే చదివి వినిపిస్తానని మా వాడు పట్టుబట్టాడు.