చిన్న వాటాదారుకు ప్రతిపాదన హక్కు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు ఒక తీర్మానం పెట్టాలని వాటాదారులు కోరినప్పుడు, అందులోని మంచిచెడ్డలను కంపెనీ బోర్డు విచారించవచ్చా? టీవీ చానెళ్లు నడిపే జీ ఎంటర్‌టైన్‌మెంట్ వివాదంలో ఈ ప్రశ్నే కోర్టుకెక్కింది. ఆ కంపెనీలో దాదాపు 18 శాతం వాటా ఉన్న, విదేశీ మదుపు సంస్థ ఇన్వెస్కోకు చెందిన ఫండ్లు, ఎండీ పునీత్ గోయెంకాను డైరెక్టరుగా తొలగించి ఆరుగురు స్వతంత్ర డైరెక్టర్లను నియమించడానికి అసాధారణ సమావేశం (వార్షిక సమావేశం కాక ప్రత్యేకంగా జరిపేది) జరపాలని 2021 సెప్టెంబరులో కోరగా, బోర్డు నిరాకరించి బొంబాయి హైకోర్టులో దావా వేసింది. ఆ కోరికపై ముందుకెళ్లకుండా ఇన్వెస్కోను ఆపుతూ ఏకసభ్య ధర్మాసనం అక్టోబరులో ఇచ్చిన ఇంజంక్షన్‌ను 2022 మార్చిలో ద్విసభ్య ధర్మాసనం కొట్టివేసింది. కోరినవారికి చాలినంత వాటా ఉందా, పద్ధతి పాటించారా అన్నంతవరకే బోర్డు చూడాలని స్పష్టం చేసింది. సమావేశం కోరే వాటాదారు కారణాలు చెప్పనక్కరలేదని సుప్రీంకోర్టు ఎస్కార్ట్స్ కేసులో 1986లోనే చెప్పింది. అయినా ఆరు నెలలు కోర్టులోనే గడిచాయి. తీర్పు వెలువడిన రెండు రోజులకే ఇన్వెస్కో తన కోరికను విరమించుకుంది.

అంత పెద్ద మదుపరికే ఇంత కష్టమైతే, డీమ్యాట్ ఖాతాలో వందో రెండువందలో షేర్లున్న మనలాంటి వారి సంగతేమిటి? 1956 కంపెనీల చట్టం 188వ సెక్షన్ కింద, ఓటింగ్ హక్కులో ఇరవయ్యో వంతు ఉన్నవారు గానీ, అందరూ కలిపి లక్ష రూపాయల చెల్లించిన మూలధనం (షేర్లకు కంపెనీకి కట్టిన సొమ్ము) గల నూరుగురు సభ్యులు గానీ తమ తీర్మానాన్ని వార్షిక సమావేశం నోటీసులో చేర్పించుకోగలిగేవారు. దాని స్థానంలో వచ్చిన 2013 చట్టం 111వ సెక్షన్ ఈ హక్కును, అసాధారణ సమావేశానికి 100వ సెక్షన్ విధించిన 10 శాతం వాటాతో ముడిపెట్టింది. నూరుగురి దారి మూసుకుపోయింది. లక్ష రూపాయల డిపాజిట్ కట్టి డైరెక్టరు పదవికి ఒక పేరు ప్రతిపాదించే వీలున్న సామాన్య సభ్యుడు, కాలుష్యం గురించో ఎండీ జీతం గురించో ఒక తీర్మానం మాత్రం పెట్టలేడు. పెద్ద కంపెనీల్లో 10 శాతమంటే వేల కోట్ల రూపాయల మాట. అమెరికాలో 2,000 డాలర్ల షేర్లను మూడేళ్లు అట్టిపెట్టుకున్నవారికి ఈ హక్కు ఉంది.

పనికిమాలిన ప్రతిపాదనలు వెల్లువెత్తుతాయన్న భయం అర్థం చేసుకోదగినదే. అయితే ఖర్చులకు సరిపడా సొమ్మును కోరినవారే జమచేయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. పరువునష్టం కలిగించే ప్రచారానికి ఈ హక్కును వాడుకుంటే కేంద్ర ప్రభుత్వం అడ్డుకోనూవచ్చు. నూరుగురిని కూడగట్టడమే ఒక పెద్ద వడపోత.

కాబట్టి 111వ సెక్షన్‌ను 100వ సెక్షన్ నుంచి విడదీసి, లక్ష రూపాయల పరిమితిని నేటి విలువకు తగినట్లు సవరించి, నూరుగురు సభ్యుల హక్కును పునరుద్ధరించాలని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖను, మన పార్లమెంటు సభ్యులను కోరుతున్నాను.

– ఒక చిన్న వాటాదారు, విజయవాడ