పాపతో తెలుగులోనే మాట్లాడండి, నాన్నగారూ

గాల్వే, ఐర్లండ్
2024 నవంబరు 10

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఉభయ కుశలోపరి. అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని చెల్లి చెప్పింది, మనసు కుదుటపడింది. ఫోనులో అయితే సగంలోనే మాట తెగిపోతుందని ఈ సంగతి ఉత్తరంగా రాస్తున్నాను.

పోయిన శనివారం పాపను తీసుకొని స్పిడాల్ అనే ఊరికి వెళ్లాను. గాల్వేకు పడమరగా సముద్రం ఒడ్డున, ఇక్కడి సొంత భాష ఐరిష్ ఇంకా ఇళ్లలో వినిపించే గేల్టాక్ట్ ప్రాంతంలో ఉందా ఊరు. అక్కడ ఒక దుకాణంలో ఓ పెద్దావిడ, దుకాణం ఆయన ఐరిష్‌లో ఏదో చెప్పుకొని నవ్వుకుంటున్నారు. నేను లోపల అడుగు పెట్టగానే ఇద్దరూ మర్యాద కొద్దీ ఇంగ్లీషులోకి మారిపోయారు. డబ్బులిచ్చి బయలుదేరుతుంటే పాప, బడిలో నేర్పిన అలవాటు చొప్పున, 'గొ రెవ్ మా అగత్' అంది. 'నీ దగ్గర మంచి ఉండుగాక' అని దాని అర్థం. ధన్యవాదాలు అలా చెబుతారు. పెద్దావిడ చేతిలోని సంచి బల్ల మీద పెట్టి, పాపకేసి వంగి, ఐరిష్‌లోనే నెమ్మదిగా పేరు, వయసు అన్నీ అడిగింది. ఏడేళ్ల పిల్ల వచ్చీరాని మాటలతో జవాబు చెబుతుంటే ఆవిడ కళ్లు తడి అయ్యాయి.

ఈ భాషను శత్రువులు మాత్రమే చంపలేదు నాన్నగారూ. 19వ శతాబ్దంలో పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసి, ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, గాట్లు లెక్కబెట్టి బడిలో దెబ్బలు కొట్టేవారట. ఆ గాట్లు పెట్టినవాళ్లలో కన్నవాళ్లూ ఉన్నారు. 1845లో మొదలైన కరువు ఐరిష్ మాట్లాడే పేదలనే ఎక్కువగా బలి తీసుకుంది. మిగిలినవాళ్లు అమెరికాకో ఇంగ్లండుకో వలసపోతే తప్ప బతుకు లేదనుకున్నారు కనుక, బిడ్డకు ఇంగ్లీషు వస్తే చాలనుకోవడం వాళ్ల తప్పని నేననలేను.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం బడిలో ఐరిష్‌ను తప్పనిసరి చేసింది, 1937 రాజ్యాంగంలో మొదటి అధికార భాషగా రాసుకుంది, ఆ భాషలోనే 1972లో రేడియో, 1996లో టీవీ ఛానల్ పెట్టింది. అయినా 2022 జనగణనలో ఐరిష్ వచ్చునన్నవాళ్లు 18,73,997 మంది ఉంటే, బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 71,968 మందే. బడి మాటలు నేర్పగలదు. అన్నం కలిపి పెడుతూ, అలిగితే బుజ్జగిస్తూ మాట్లాడే మాట ఇంట్లోనే పుట్టాలి.

మన ఇంట్లో సంగతి చూస్తే నాకు భయం వేస్తోంది. పాప తెలుగు వింటుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. పొద్దున బడికి ఆలస్యమవుతుంటే నేనే ఇంగ్లీషులో తొందరపెడుతున్నాను. అయితే తెలుగు పాపలో లేకపోలేదు. ఐరిష్‌లో 'టా లౌర్ అగమ్' అంటే 'నా దగ్గర పుస్తకం ఉంది' అని. ఇంగ్లీషులోలాగా పుస్తకాన్ని 'కలిగి ఉండే' క్రియ ఆ భాషలో లేదు. 'అమ్మా, ఇది మనలాగే చెబుతారు' అని ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. 'మనలాగే' అన్న ఆ మాటను నేను మూడు రోజులు మోసుకు తిరిగాను.

గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారని మీరు నా చిన్నతనంలో ఎన్నిసార్లు చెప్పారో. అంతటి ఆయనను తలచుకునే మీరు, మనవరాలికి కష్టం కలగకూడదన్న ప్రేమతో, ఫోను ఎత్తగానే 'హౌ ఈజ్ స్కూల్' అంటున్నారు. స్పిడాల్ దుకాణంలో నేను చూసిన మర్యాద కూడా ఇలాంటిదే.

అందుకని మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. వచ్చే ఆదివారం నుంచి మీకు రాత్రి ఏడున్నరకు పాప ఫోను చేస్తుంది. తను ఇంగ్లీషులో జవాబిచ్చినా మీరు తెలుగు వదలకండి, తప్పు మాట్లాడితే దిద్దకండి. నాకు చెప్పిన చెరువుగట్టు నక్క కథ మొదలుపెట్టి, నక్క నీళ్లలో పడ్డ చోట ఆపేసి, మిగతాది వచ్చే వారం చెబుతానని ఫోను పెట్టేయండి.

అమ్మకు నా నమస్కారాలు చెప్పగలరు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి