చింతపల్లి తీరంలో మమ్మల్ని ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

మే నెల ఎండలో దారి మధ్య నిలిచిపోయిన మా కుటుంబాన్ని సొంత మనుషుల్లా చూసుకున్న విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలోని మత్స్యకార కుటుంబాలకు, మా కారును బాగుచేసిన మెకానిక్‌కు, బెల్టు కోసం విజయనగరం దాకా వెళ్లివచ్చిన యువకుడికి మా ఇంటిల్లిపాదీ హృదయపూర్వకంగా కృతజ్ఞతలు తెలియజేస్తున్నాం. అడగకుండా వారి పేర్లు నలుగురిలో పెట్టడం మర్యాద కాదు కనుక ఇక్కడ రాయడం లేదు.

శని, ఆదివారాలు సముద్రం పక్కనే సాగుతూ, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుతూ విశాఖపట్నం నుంచి కళింగపట్నం దాకా వెళ్లిరావాలన్నది మా ఆలోచన. ఉదయాన్నే బీచ్ రోడ్డు మీదుగా బయలుదేరి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు, భీమిలిలో డచ్చివారి పాత సమాధుల దగ్గర మరికాసేపు గడిపి, గోస్తనీ నది దాటి భోగాపురం మీదుగా చింతపల్లి దీపస్తంభం చూద్దామని తీరం వైపు తిరిగాం. సరుగుడు తోటలు దాటుతుండగా ఫ్యాన్ బెల్టు తెగిపోయింది. మా కారులో ఆల్టర్నేటర్‌నే కాక నీటి పంపునూ తిప్పేది ఆ బెల్టే కావడం వల్ల, చూస్తుండగానే ఇంజన్ వేడెక్కిపోయింది. మావారు వెంటనే బండి ఆపేశారు. రక్తపోటు ఉన్న మా అత్తగారికి అప్పటికే కళ్లు తిరుగుతున్నాయి.

తాటిచెట్ల నీడలో వలలు బాగుచేసుకుంటున్నవారు మమ్మల్ని చూసి, పిలవకుండానే లేచి వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు అత్తగారిని చెరొకవైపు పట్టుకుని దగ్గరలోని ఇంటికి నడిపించి, మెడ మీద తడిబట్ట వేసి, మజ్జిగ కలిపిన చోడి అంబలిని కొద్దికొద్దిగా తాగించారు. ఆమె తేరుకుని మాట్లాడేదాకా ఆ ఇంటి ఇల్లాలు విసనకర్ర కింద పెట్టలేదు. పిల్లలకు ముంజెలు కొట్టి ఇచ్చారు; ఒక పెద్దాయన వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, చిరిగిన వలకు ముడి ఎలా వేయాలో ఓపికగా చూపించారు.

కబురు అందగానే మోటార్‌సైకిల్ మీద వచ్చిన మెకానిక్, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టనివ్వలేదు. తెగిన బెల్టు మీది నంబరు చూసి, అదే కొలతది దొరక్కపోతే వేరేది బిగించి పంపడం తనకు ఇష్టం లేదన్నారు. ఆ మాటతో ఊరి కుర్రాడొకడు పాత ముక్కను సంచిలో వేసుకుని ఎండలోనే విజయనగరం బయలుదేరాడు. బెల్టు బిగించి, నీళ్లు నింపి, ఇంజన్ కాసేపు నడిపి చూశాక గానీ మెకానిక్ మమ్మల్ని కదలనివ్వలేదు. తీసుకున్నది బెల్టు ఖరీదు, తన కూలి మాత్రమే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల మీద వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది కనుక నిషేధం అవసరమే. కానీ పడవ కదిలితేనే పొయ్యి వెలిగే ఇళ్లకు ఆ 61 రోజులు ఎంత బరువో అక్కడ కూర్చున్న ఆ కొద్దిసేపట్లోనే మాకు అర్థమైంది. అలాంటి రోజుల్లో కూడా పెట్టిన తిండికి గానీ, చేసిన సాయానికి గానీ వారు రూపాయి ముట్టలేదు. మావారు బలవంతపెట్టబోతే, "ఇయ్యకండి బాబూ, మా ఊరొచ్చిన సుట్టాలు మీరు" అని ఆ పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టారు. పెట్రోలుకైనా తీసుకోమంటే ఆ కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు శ్రీకూర్మంలో పడమటి ముఖంగా వెలసిన స్వామిని దర్శించుకుని, సాయంత్రానికి వంశధార సముద్రంలో కలిసే చోటు చూడగలిగామంటే అది వారి చలవే. అత్తగారు ఆ గుడిలో వారి క్షేమం కోసం ప్రత్యేకంగా దణ్ణం పెట్టుకున్నారు. నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి వెళ్లే నాటి నుంచి వారికి వేట బాగా సాగాలని, వెళ్లినవారంతా క్షేమంగా ఒడ్డు చేరాలని మనసారా కోరుకుంటున్నాం. దసరా సెలవులకు వస్తామని ఆ ఇల్లాలికి మాటిచ్చాం. తప్పకుండా వస్తాం, ఈసారి వంట మాది.